ఉత్తర కొరియా బాంబును చుట్టూ ఉన్న దేశాలు ఎందుకు ఆపలేకపోయాయి?

మీరు అడిగింది ఇది: ఉత్తర కొరియా చుట్టూ చైనా, రష్యా, జపాన్, దక్షిణ కొరియా ఉన్నాయి, అమెరికాతో కలిపి అందరూ ఏళ్ళ తరబడి ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు, అయినా బాంబు ఆగలేదు కదా, మరి మాట వినని దేశాల విషయంలో ఈ పొరుగు దేశాల దౌత్యం వల్ల ఒరిగేదేమైనా ఉందా, లేక అంతా ఫొటోల కోసమేనా అని.

ఒరిగేది ఉంది. కాకపోతే అది ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ చేయదో తెలియకుండా అన్నిచోట్లా ఒకే మందు వేస్తున్నారు. నాకు అర్థమైనంతలో సంగతి ఇంతే. పొరుగువాడికి భయపడి బాంబు చేసుకుంటున్న దేశాన్ని ఆ పొరుగువాడే ఆపగలడు. సముద్రాల అవతల ఉన్నవాడికి భయపడి చేసుకుంటున్నవాణ్ణి మాత్రం చుట్టుపక్కలవాళ్ళు ఎంతమంది కూర్చోబెట్టి మాట్లాడినా ఆపలేరు, మహా అయితే కొన్నేళ్ళు వాయిదా వేయించగలరు. ఆ కొన్నేళ్ళు కూడా తీసిపారేయాల్సినవి కావు, అది కూడా చెబుతాను.

నేను ఒక తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ వార్తల డెస్క్ మీద ఇరవై ఏళ్ళకు పైగా కూర్చున్నాను. ఉత్తర కొరియా వార్త వస్తే చాలు, డెస్క్‌లో ఒకరు "మళ్ళీ మొదలెట్టాడు" అనడం, అందరూ నవ్వడం, వార్త ఏడో పేజీకి పోవడం. 2008 జూన్ 27న ఉత్తర కొరియా అణు కేంద్రం యోంగ్‌బ్యోన్‌లో కూలింగ్ టవర్ పేల్చేసిన ఫొటో వచ్చినప్పుడు మాత్రం మొదటి పేజీలో పెట్టాం, ఇక గొడవ తీరిపోయినట్టే అన్న ధోరణిలో హెడ్డింగ్ పెట్టిన పాపం నాదే. దాదాపు పదకొండు నెలలకు వాళ్ళు రెండో అణు పరీక్ష చేశారు. అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతూ వస్తున్నాను, పరిహారం అనుకోండి.

చాలామంది ఈ కథను 2003 నుంచి, అంటే ఆరు దేశాల చర్చల నుంచి మొదలుపెడతారు. పొరుగు దేశాల వల్ల నిజంగా పని జరిగింది అంతకు ముందు, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు.

యోంగ్‌బ్యోన్‌లో ఉత్తర కొరియాకు ఒక చిన్న రియాక్టర్ ఉంది, 5 మెగావాట్లది. అంతకన్నా ఎక్కువ కరెంటు మన దగ్గర ఒక మాదిరి చక్కెర ఫ్యాక్టరీ చెరకు పిప్పి కాల్చి తీస్తుంది. కరెంటు కోసం కాదని అందరికీ తెలుసు, అందులో వాడేసిన ఇంధన కడ్డీల్లోంచి ప్లుటోనియం తీయొచ్చు. 1985లో ఎన్‌పీటీలో, అంటే అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరిన ఉత్తర కొరియా, 1992లో తనిఖీకి వచ్చిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వాళ్ళకు "ఒకే ఒక్కసారి 90 గ్రాములు తీశాం" అన్నట్టు లెక్క చూపించింది. వాళ్ళు నమూనాలు పట్టుకెళ్ళి పరీక్షిస్తే అంతకన్నా ఎక్కువసార్లే తీసినట్టు తేలింది. వ్యర్థాలు దాచిన రెండు చోట్లు చూపించమంటే కుదరదన్నారు. 1993 మార్చిలో ఒప్పందం నుంచి పోతున్నామని ప్రకటించారు, గడువు ఇంకొక్క రోజు ఉందనగా ఆగారు. 1994లో రియాక్టర్ నుంచి దాదాపు 8,000 కడ్డీలు బయటకు తీశారు, నాలుగైదు బాంబులకు సరిపడా ప్లుటోనియం ఉన్న కడ్డీలు. క్లింటన్ ప్రభుత్వం యోంగ్‌బ్యోన్ మీద దాడి చేసే ఆలోచన దాకా వెళ్ళింది. సరిహద్దుకు 50 కిలోమీటర్ల దూరంలో, ఉత్తర కొరియా ఫిరంగుల ముందు ఉన్న సియోల్ జనం పరిస్థితి ఊహించుకోండి.

అప్పుడు అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్యాంగ్యాంగ్ వెళ్ళి ఉత్తర కొరియా అధినేత కిమ్ ఇల్ సంగ్‌తో మాట్లాడొచ్చారు, మూడు వారాలకే కిమ్ ఇల్ సంగ్ చనిపోయాడు, అయినా 1994 అక్టోబర్‌లో జెనీవాలో ఒప్పందం కుదిరింది. యోంగ్‌బ్యోన్ మూసేస్తే బదులుగా 1,000 మెగావాట్ల చొప్పున రెండు లైట్ వాటర్ రియాక్టర్లు (బాంబు సరుకు తీయడం కష్టమైన రకం) కట్టిస్తారు, అవి పూర్తయ్యేదాకా ఏటా 5 లక్షల టన్నుల ఫర్నేస్ ఆయిల్ ఇస్తారు. సంతకాలు అమెరికావి, ఉత్తర కొరియావి. ఖర్చులో సింహభాగం మాత్రం పొరుగువాళ్ళది. రియాక్టర్ల ఖర్చులో 70 శాతం దాకా దక్షిణ కొరియా, వంద కోట్ల డాలర్లు జపాన్ పెట్టుకునేలా మాట అనుకున్నారు, ఆ పని చూడ్డానికి 1995లో కెడో అని ఒక సంస్థ పెట్టారు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కట్టబోయేవి దక్షిణ కొరియా నమూనా రియాక్టర్లు, ఇంజనీర్లు దక్షిణ కొరియావాళ్ళు, డబ్బు వాళ్ళది. కానీ "దక్షిణ కొరియా రియాక్టర్" అన్న మాట కాగితం మీద ఉంటే ఉత్తర కొరియా పరువు పోతుంది. దాంతో 1995లో కౌలాలంపూర్‌లో వారాల తరబడి కూర్చుని, "అమెరికా మూలం నుంచి వచ్చిన డిజైన్‌కు మెరుగుపరచిన రూపం" అన్న అర్థం వచ్చేలా ఒక వాక్యం అల్లారు. పెళ్ళిపత్రికలో ఎవరి పేరు పైన వేయాలన్న గొడవలాంటిదే. ఇలాంటి పనికిమాలినట్టు కనిపించే వాక్యాల మీదే ప్రాంతీయ దౌత్యం సగం బతుకుతుంది. ఆ వాక్యం దొరికాక ఉత్తర కొరియా నేల మీద, కుంహో అనే చోట, వందల మంది దక్షిణ కొరియావాళ్ళు ఉండి పనిచేశారు. సాంకేతికంగా ఇప్పటికీ యుద్ధంలోనే ఉన్న రెండు దేశాలు అవి, 1953లో జరిగింది కాల్పుల విరమణే తప్ప శాంతి ఒప్పందం కాదు.

ఫలితం ఏంటంటారా? 1994 నుంచి 2002 చివరిదాకా యోంగ్‌బ్యోన్‌లో కొత్తగా ప్లుటోనియం తయారు కాలేదు. ఆ 8,000 కడ్డీలు డబ్బాల్లో సీలు వేసి, తనిఖీదారుల కళ్ళముందే ఉన్నాయి. కట్టడం మధ్యలో ఉన్న ఇంకో రెండు పెద్ద రియాక్టర్లు, 50 మెగావాట్లది ఒకటి, 200 మెగావాట్లది ఒకటి, అలా ఆగిపోయి తుప్పు పట్టాయి, మళ్ళీ లేవలేదు. అవి పూర్తయి ఉంటే ఏటా పదుల సంఖ్యలో బాంబులకు సరిపడా ప్లుటోనియం వచ్చేది. జరగని దానికి ఫొటో ఉండదు కాబట్టి ఇది ఎవరికీ గుర్తుండదు.

మరి ఎలా చెడింది? రెండువైపులా. అమెరికాలో కాంగ్రెస్ రిపబ్లికన్ల చేతికి పోయాక ఆయిల్ డబ్బుకు ప్రతి ఏడూ కొర్రీలే, 2003కల్లా అయిపోవాల్సిన రియాక్టర్‌కు మొదటి కాంక్రీట్ పోసింది 2002 ఆగస్టులో. అవతల ఉత్తర కొరియా ప్లుటోనియం దారి మూసుకుని, యురేనియం దారి వెతుక్కుంది. పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్ ముఠా నుంచి సెంట్రిఫ్యూజ్‌లు, అంటే యురేనియం శుద్ధి చేసే యంత్రాలు వెళ్ళాయి, ఈ సంగతి ముషారఫ్ తర్వాత స్వయంగా ఒప్పుకున్నారు. అంటే తూర్పు ఆసియాలో తలుపు వేస్తే దక్షిణాసియాలో కిటికీ తెరుచుకుంది. 2002 అక్టోబర్‌లో అమెరికా ప్రతినిధి జేమ్స్ కెల్లీ వెళ్ళి ఇదే నిలదీశాడు, నవంబర్‌లో ఆయిల్ ఆపేశారు, డిసెంబర్‌లో ఉత్తర కొరియా తనిఖీదారులను గెంటేసింది, 2003 జనవరి 10న ఎన్‌పీటీ నుంచి బయటకు పోయింది. సీలు వేసిన కడ్డీలు బయటకు వచ్చాయి.

ఇక ఆరు దేశాల చర్చలు. ఇది చైనా పూనుకుని చేసిన పని, 2003 ఆగస్టులో బీజింగ్‌లో మొదలైంది. అప్పటికి ఇరాక్ మీద అమెరికా దాడి చేసి అయిదు నెలలు. ఉత్తర కొరియా "అమెరికాతో తప్ప ఎవరితోనూ మాట్లాడం" అంటోంది, బుష్ "మేం ఒక్కళ్ళం మాట్లాడం, పొరుగువాళ్ళు కూడా ఉండాలి" అంటున్నాడు. ఇద్దరి పంతమూ నెగ్గాలంటే ఆరు పలకల బల్ల వేసి అందరినీ కూర్చోబెట్టాలి, ఆ ఇద్దరూ పక్క గదిలో మాట్లాడుకోవాలి. చైనా అదే చేసింది, దానికి మెచ్చుకోవాలి.

కానీ ఊళ్ళో పెద్దమనుషుల పంచాయితీ ఎప్పుడైనా చూశారా? వచ్చిన పెద్దమనుషుల్లో ఒక్కొక్కడికీ సొంత లెక్క ఒకటి ఉంటుంది. ఒకడికి ఆ ఇంటి గోడ తన దొడ్లోకి వచ్చిందన్న కోపం, ఇంకొకడికి పాత బాకీ. ఇక్కడా అంతే.

జపాన్‌కు అణ్వాయుధాలకన్నా ముందు కావలసింది తన మనుషులు. 1970లు, 80లలో ఉత్తర కొరియా గూఢచారులు జపాన్ తీరాల నుంచి మనుషులను ఎత్తుకుపోయారు, వాళ్ళలో బడికి వెళ్ళే పదమూడేళ్ళ పిల్ల కూడా ఉంది. 2002 సెప్టెంబర్‌లో ప్రధాని కొయిజుమి ప్యాంగ్యాంగ్ వెళ్ళినప్పుడు కిమ్ ఇల్ సంగ్ కొడుకు, అప్పటి అధినేత కిమ్ జోంగ్ ఇల్ 13 మందిని ఎత్తుకొచ్చిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే గొడవ సద్దుమణుగుతుందనుకున్నాడు కాబోలు, జపాన్‌లో జనం భగ్గుమన్నారు. అయిదుగురు తిరిగొచ్చారు, మిగతావాళ్ళు చనిపోయారన్నారు, జపాన్ నమ్మలేదు. ఆ తర్వాత ఏ జపాన్ ప్రధానికీ ఆ విషయం పక్కన పెట్టి అణు ఒప్పందానికి ఒక్క బ్యారెల్ ఆయిల్ ఇచ్చే ధైర్యం లేదు. ఇవ్వలేదు కూడా.

దక్షిణ కొరియాది ఇంకో చిక్కు. అక్కడ అధ్యక్షుడికి ఒక్కటే పదవీకాలం, అయిదేళ్ళు. కిమ్ డే జంగ్, రో మూ హ్యూన్ పదేళ్ళు చేయి చాపారు, ఉత్తర కొరియాలోని కేసాంగ్‌లో ఉమ్మడి పారిశ్రామికవాడ పెట్టారు, 2008లో వచ్చిన లీ మ్యూంగ్ బాక్ "ముందు అణ్వాయుధాలు వదలండి, తర్వాత చూద్దాం" అన్నాడు. ఉత్తరాన తాత, తండ్రి, మనవడు అని ఒకటే కుటుంబం, దక్షిణాన అయిదేళ్ళకోసారి కొత్త మనిషి, కొత్త విధానం. ఎవరి మాట నమ్మాలి? రష్యాకు బల్ల దగ్గర కుర్చీ ఉంటే చాలు, గ్యాస్ పైపు, రైలు దారి లాంటి ఆశలు కొన్ని ఉన్నాయి, అంతకుమించి పట్టింపు లేదు. చైనా సంగతి కాసేపట్లో.

2005 సెప్టెంబర్ 19న మాత్రం ఒక మంచి కాగితం బయటకు వచ్చింది. ఉత్తర కొరియా అణ్వాయుధాలన్నీ, ఉన్న అణు కార్యక్రమాలన్నీ వదిలేసి ఎన్‌పీటీలోకి తిరిగి వస్తుంది, అమెరికా దాడి చేయనని మాట ఇస్తుంది, దక్షిణ కొరియా 20 లక్షల కిలోవాట్ల కరెంటు ఇస్తానన్న మాట మళ్ళీ చెబుతుంది, లైట్ వాటర్ రియాక్టర్ గురించి "తగిన సమయంలో" మాట్లాడతారు. ఆ "తగిన సమయం" ఎప్పుడో మర్నాడే గొడవైంది, రియాక్టర్ ఇచ్చాకే మేం వదిలేది అంది ప్యాంగ్యాంగ్.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొరుగు దేశాల దౌత్యానికి ఉన్న హద్దు ఏమిటో ఇందులో కనిపిస్తుంది. ఆ కాగితం బయటకు రావడానికి నాలుగు రోజుల ముందు అమెరికా ట్రెజరీ శాఖ మకావ్‌లోని బాంకో డెల్టా ఆసియా అనే చిన్న బ్యాంకును మనీ లాండరింగ్ అనుమానాల జాబితాలో పెట్టింది. ఆ బ్యాంకులో ఉత్తర కొరియావాళ్ళ డబ్బు సుమారు 2.5 కోట్ల డాలర్లు ఇరుక్కుపోయింది. మొత్తం చూస్తే అదో పెద్ద సొమ్ము కాదు, ఇవాళ హైదరాబాద్‌లో ఓ మాదిరి రియల్ ఎస్టేట్ వెంచర్ అంత. కానీ ఈ కబురు వినగానే ప్రపంచంలో మిగతా బ్యాంకులన్నీ ఉత్తర కొరియా పేరు వింటే తలుపు వేసుకోవడం మొదలుపెట్టాయి. బీజింగ్‌లో అమెరికా విదేశాంగ శాఖ మనిషి క్రిస్టఫర్ హిల్ చేయి కలుపుతుంటే, వాషింగ్టన్‌లో ఇంకో శాఖ గొంతు పట్టుకుంది. ఉత్తర కొరియా ఏడాదికి పైగా చర్చలకు రాలేదు. 2006 జులైలో క్షిపణులు వదిలింది, అక్టోబర్ 9న మొదటి అణు పరీక్ష చేసింది.

పరీక్ష తర్వాత అమెరికాయే మెత్తబడింది. 2007 ఫిబ్రవరి 13న కొత్త ఒప్పందం, యోంగ్‌బ్యోన్ మూస్తే ముందు 50 వేల టన్నుల ఆయిల్, తర్వాతి దశలో ఇంకో 9.5 లక్షల టన్నులు, మకావ్ డబ్బు వెనక్కి. ఇక డబ్బు వెనక్కి ఇవ్వడం మొదలైంది చూడండి, సినిమా కథే. ఇస్తామన్నా ఆ డబ్బు ముట్టుకునే బ్యాంకు లేదు. చైనా ప్రభుత్వ బ్యాంకు బ్యాంక్ ఆఫ్ చైనా కూడా మాకొద్దంది. డబ్బు చేతికి రాలేదని మార్చిలో ఉత్తర కొరియా ప్రతినిధి కిమ్ కే గ్వాన్ బీజింగ్ చర్చల మధ్యలో విమానం ఎక్కి ఇంటికి పోయాడు. ఆఖరికి జూన్‌లో ఆ సొమ్ము మకావ్ నుంచి న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌కు, అక్కడి నుంచి రష్యా కేంద్ర బ్యాంకుకు, అక్కడి నుంచి రష్యా తూర్పు కొసన ఉన్న ఓ బ్యాంకులోని ఉత్తర కొరియా ఖాతాకు చేరింది. ఆయిల్ కోసమో గ్యాస్ పైపు కోసమో బల్ల దగ్గర కూర్చున్న రష్యా అక్కరకు వచ్చింది ఇక్కడే. జులైలో యోంగ్‌బ్యోన్ మూతపడింది, తనిఖీదారులు తిరిగొచ్చారు.

గమనించారా, ముడి వేసింది వాషింగ్టన్‌లో ఒక శాఖ, విప్పాల్సింది కూడా వాళ్ళే. మధ్యలో చైనా, రష్యా, దక్షిణ కొరియా ఎంత తిరిగినా వాళ్ళు చేయగలిగింది మోసుకెళ్ళే పనే.

2008లో ఉత్తర కొరియా 18 వేలకు పైగా పేజీల రియాక్టర్ రికార్డులు ఇచ్చింది, నేను హెడ్డింగ్ పెట్టిన ఆ టవర్ కూల్చింది, అక్టోబర్‌లో అమెరికా దాన్ని ఉగ్రవాద దేశాల జాబితా నుంచి తీసేసింది. ఆ తర్వాత తనిఖీ ఎలా అన్న దగ్గర ఆగిపోయింది. మట్టి, నమూనాలు పట్టుకెళ్ళి పరీక్షిస్తామంది అమెరికా. 1992లో అవే నమూనాలు కదా వాళ్ళ లెక్క బయటపెట్టింది, మళ్ళీ ఇస్తారా? డిసెంబర్‌లో బీజింగ్‌లో జరిగిన సమావేశం ఆఖరిది. 2009 ఏప్రిల్‌లో రాకెట్ వదిలారు, భద్రతా మండలి ఖండించింది, ఇక ఈ చర్చలకు ఎప్పటికీ రామన్నారు, మే 25న రెండో పరీక్ష. 2010 నవంబర్‌లో అమెరికా శాస్త్రవేత్త సీగ్‌ఫ్రిడ్ హెకర్‌ను పిలిచి మరీ యోంగ్‌బ్యోన్‌లో దాదాపు 2,000 సెంట్రిఫ్యూజ్‌లున్న యురేనియం కర్మాగారం చూపించారు. అంత పెద్దది రాత్రికి రాత్రి లేవదు. బీజింగ్‌లో ప్లుటోనియం గురించి బేరాలు జరుగుతున్నంతకాలం వెనకాల ఏదో ఒక చోట ఈ పని నడుస్తూనే ఉందన్నమాట.

"చైనా తలుచుకుంటే ఒక్కరోజులో ఆపగలదు" అని ప్రతి చర్చలోనూ ఎవరో ఒకరు అంటారు. ఉత్తర కొరియా వ్యాపారంలో పదింట తొమ్మిది వంతులు చైనాతోనే, ఆయిల్ చైనా సరిహద్దు ఊరు దాన్దోంగ్ దగ్గర నుంచి పైపులో పోతుంది, కాబట్టి కుళాయి కట్టేస్తే సరి అని. కుళాయి చైనా చేతిలో ఉన్న మాట నిజమే. కట్టేస్తే ఏమవుతుందో కూడా చైనాకే తెలుసు. 1,400 కిలోమీటర్ల సరిహద్దు, అవతల ప్రభుత్వం కూలితే లక్షల మంది నది దాటి వస్తారు, రెండు కొరియాలు కలిసిపోతే దక్షిణ కొరియాలో ఉన్న 28,500 మంది అమెరికా సైనికులు చైనా సరిహద్దులోని యాలు నది ఒడ్డుకు రారని హామీ ఏమిటి? 1950లో సరిగ్గా అది జరగకూడదనే కదా చైనా యుద్ధంలోకి దిగింది. కాబట్టి చైనా దృష్టిలో బాంబున్న ఉత్తర కొరియా తలనొప్పి, కూలిన ఉత్తర కొరియా గుండెపోటు. 2017లో ఆరో పరీక్ష చుట్టుపక్కల చైనా నిజంగానే గట్టిగా బిగించింది, బొగ్గు దిగుమతి మీద నిషేధానికి, శుద్ధి చేసిన ఆయిల్ ఏడాదికి 5 లక్షల బ్యారెళ్ళకు మించకూడదన్న తీర్మానానికి భద్రతా మండలిలో చేయెత్తింది. అదే ఏడాది దక్షిణ కొరియా తన రక్షణ కోసం అమెరికా థాడ్ క్షిపణి నిరోధక వ్యవస్థ పెట్టుకుంటే, చైనా ఉత్తర కొరియాను వదిలేసి దక్షిణ కొరియా మీద పడింది, వాళ్ళ దుకాణాలు మూయించింది, టూరిస్టులను ఆపేసింది. ఒకే పామును కొట్టడానికి వచ్చినవాళ్ళు కర్రలు ఎవరివి పొడుగ్గా ఉన్నాయో చూసుకుని కొట్టుకుంటుంటే పాము ఎక్కడికి పోతుంది.

ఇప్పుడు పొరుగువాళ్ళు గెలిచిన కథ చెబుతాను, అది లేకుండా ఇదంతా ఏడుపుగానే ఉంటుంది.

బ్రెజిల్, అర్జెంటీనా. 1970లలో రెండు చోట్లా సైనిక ప్రభుత్వాలు, రెండూ ఎన్‌పీటీ మీద సంతకం పెట్టనన్నాయి, కారణం కూడా మన దేశం చెప్పేదే, బాంబు ఉన్నవాళ్ళకో న్యాయం లేనివాళ్ళకో న్యాయమా అని. రెండూ యురేనియం శుద్ధి దారి పట్టాయి, బ్రెజిల్ సైన్యం రహస్యంగా సమాంతర కార్యక్రమమే నడిపింది. ఇవి కూడా మొండి దేశాలే మరి. పైగా పరానా నది మీద ఇతైపు డ్యామ్ గురించి ఏళ్ళ తరబడి గొడవ. నీళ్ళ గొడవ ఎంత దూరం పోతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1979లో ఆ డ్యామ్ గొడవ తీరింది, సగం విషం అక్కడే దిగింది. 1983లో అర్జెంటీనా పిల్కానియేవులో యురేనియం శుద్ధి చేయగలిగామని ప్రకటించబోయే ముందు, ఆ కబురు బ్రెజిల్ అధ్యక్షుడికి ఉత్తరం రాసి చెప్పింది. పేపర్లో చదివి తెలుసుకోవడం వేరు, పక్కింటాయన ముందే వచ్చి చెప్పడం వేరు. నాలుగేళ్ళ తర్వాత బ్రెజిల్ అదే మర్యాద తిరిగి పాటించింది.

1985లో రెండు దేశాల పౌర అధ్యక్షులు సార్నీ, అల్ఫోన్సిన్ ఫోజ్ దో ఇగువాసులో కలిసి అణు విషయాల్లో ఉమ్మడిగా పోదామన్నారు. 1987లో సార్నీని అర్జెంటీనా తన రహస్య కర్మాగారానికే తీసుకెళ్ళింది, మరుసటి ఏడు అల్ఫోన్సిన్ బ్రెజిల్‌లోని అరమార్ అణు కేంద్రానికి వెళ్ళాడు. 1990లో బ్రెజిల్ అధ్యక్షుడు కోలోర్ అణు పరీక్ష కోసం తవ్వారంటున్న కషింబో గొయ్యిని మూయించాడు. 1991లో అబాక్ అనే ఉమ్మడి సంస్థ పెట్టారు, రియో డి జనీరోలో ఆఫీసు. దాని పద్ధతి చాలా సింపుల్, బ్రెజిల్ ప్లాంట్లను అర్జెంటీనావాళ్ళు తనిఖీ చేస్తారు, అర్జెంటీనా ప్లాంట్లను బ్రెజిల్‌వాళ్ళు చేస్తారు, పైన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కూడా చూస్తుంది. ఎన్‌పీటీలో చేరడం ఆ తర్వాతి మాట, అర్జెంటీనా 1995లో, బ్రెజిల్ 1998లో.

అక్కడ ఎందుకు కుదిరింది? అర్జెంటీనా భయం బ్రెజిల్, బ్రెజిల్ భయం అర్జెంటీనా. భయపెట్టేవాడూ హామీ ఇచ్చేవాడూ ఒకడే, వాడు పక్కనే ఉన్నాడు. ఉత్తర కొరియాకు అలా కాదు. దానికి కావలసింది అమెరికా దాడి చేయదన్న భరోసా, దాన్ని బీజింగ్ ఇవ్వలేదు, సియోల్ ఇవ్వలేదు, మాస్కో అసలే ఇవ్వలేదు. వాషింగ్టన్ ఇచ్చినా నాలుగేళ్ళకో ఎన్నిక. 2003లో బాంబు కార్యక్రమం వదిలేస్తానన్న లిబియా పాలకుడు గద్దాఫీ 2011లో ఏమయ్యాడో ప్యాంగ్యాంగ్ చూసింది, ఆ పేరు వాళ్ళే బహిరంగంగా ఎత్తి చెబుతుంటారు.

ఇరాన్ కూడా ఇదే తరహా, తొందరగా చెప్పేస్తాను. ఒమన్ లాంటి చిన్న దేశం 2012, 13లలో అమెరికా, ఇరాన్‌లను గుట్టుగా కూర్చోబెట్టింది, అందులోంచే 2015 అణు ఒప్పందం పుట్టింది, యురేనియం శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలు మించకూడదు. ఆ బల్ల దగ్గర సౌదీ, యూఏఈ లేవు. బల్ల దగ్గర లేనివాడు బయట కూర్చుని రాళ్ళేస్తాడు, 2018లో ట్రంప్ ఒప్పందం నుంచి పోతుంటే అవి సంతోషించాయి. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ ఒమనే మధ్యవర్తి, అయిదు విడతలు మాట్లాడారు, జూన్ 15న ఆరో విడత అనుకుంటే 13న ఇజ్రాయెల్ బాంబులేసింది. ఈసారి గల్ఫ్ దేశాలు ఒప్పందం కావాలనే అన్నాయి, కానీ ఇరాన్ భయం గల్ఫ్ దేశాలు కావు కదా.

మన దగ్గర సంగతి కూడా అడుగుతారు కాబట్టి, ఒక్క మాట. సార్క్ చార్టర్‌లోనే ద్వైపాక్షిక, వివాదాస్పద విషయాలు మాట్లాడకూడదని ఉంది, కాబట్టి దక్షిణాసియాలో ఆ బల్లే లేదు. ఉన్నది ఒకటే చిన్న అలవాటు, 1988లో రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టో హయాంలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న భారత్, పాకిస్తాన్ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, వాటి మీద దాడి చేయకూడదని. 1992 నుంచి ఒక్క ఏడు తప్పలేదు, కార్గిల్ తర్వాత కూడా, ముంబై దాడుల తర్వాత కూడా. డెస్క్‌లో కొత్త సంవత్సరం రోజు వార్తల్లేక అల్లాడుతుంటే ఈ నాలుగు లైన్ల వార్త తప్పకుండా వచ్చేది, మేం తప్పకుండా లోపలి పేజీలో వేసేవాళ్ళం. అది బాంబులను తగ్గించదు, కానీ ఇద్దరూ ఫోన్ ఎత్తుకోని ఏడాది కూడా ఆ కాగితం మాత్రం చేతులు మారుతుంది.

మళ్ళీ కొరియాకు వస్తే, 2018లో అప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే ఇన్ చేసింది పొరుగువాడు చేయగలిగిన దాంట్లో ఉత్తమమైనది అంటాను. ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ సాకుతో కిమ్ జోంగ్ ఉన్ చెల్లెల్ని రప్పించాడు, ఏప్రిల్‌లో పాన్‌మున్‌జోమ్‌లో కిమ్‌తో సరిహద్దు గీత దాటి దాటి ఫొటోలు దిగాడు, ట్రంప్‌ను సింగపూర్ దాకా తీసుకొచ్చాడు. 2019 ఫిబ్రవరిలో హనోయ్‌లో యోంగ్‌బ్యోన్ ఇస్తాను, 2016 నుంచి వేసిన ముఖ్యమైన ఆంక్షలు తీసేయండి అని కిమ్ అడిగితే ట్రంప్ లేచి వెళ్ళిపోయాడు, ఆ గదిలో మూన్ లేడు. 2020 జూన్‌లో కేసాంగ్‌లోని ఉమ్మడి కార్యాలయ భవనాన్ని ఉత్తర కొరియా పేల్చేసింది, దాన్ని కట్టించింది దక్షిణ కొరియా డబ్బుతోనే.

2022లో ఉత్తర కొరియావాళ్ళు అణ్వాయుధాలు వదలబోమని చట్టమే చేసుకున్నారు, మరుసటి ఏడు రాజ్యాంగంలో రాసుకున్నారు. 2024 మార్చిలో ఆంక్షలు ఎవరు తప్పుతున్నారో కనిపెట్టే ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం గడువు పొడిగించకుండా రష్యా వీటో చేసింది, జూన్‌లో పుతిన్ ప్యాంగ్యాంగ్ వెళ్ళి పరస్పర రక్షణ ఒప్పందం మీద సంతకం పెట్టొచ్చాడు. ఒకప్పుడు మకావ్ డబ్బు మోసిపెట్టిన పొరుగువాడు ఇప్పుడు కాపలాదారుణ్ణే ఇంటికి పంపించేశాడు. ఉక్రెయిన్ యుద్ధానికి ఫిరంగి గుండ్లు కావాలి మరి.

కాబట్టి ఇప్పుడు మళ్ళీ పొరుగు దేశాలు కూర్చుంటే బాంబులు మొత్తం వదిలించడం గురించి మాట్లాడి లాభం లేదనే నా అభిప్రాయం, డెస్క్‌లో నాతో పనిచేసినవాళ్ళే ఈ మాటకు ఒప్పుకోరు, బాంబును ఆమోదించినట్టు అవుతుంది అంటారు. అడగాల్సింది 1994లో అడిగినలాంటిదే, ఉన్నవి ఉన్నాయి, కొత్తవి చేయకు, పరీక్షలు చేయకు, టెక్నాలజీ బయటకు అమ్మకు, బదులుగా ఏం కావాలో చెప్పు అని. కొంతకాలం ఆగినా ఆగినట్టే. కుంహోలో రెండు రియాక్టర్లు పునాదులు పడి ఆగిపోయాయి, 2006లో పని రద్దయి, దక్షిణ కొరియావాళ్ళు వెనక్కి వచ్చేటప్పుడు క్రేన్లు, బుల్డోజర్లు, బస్సులు తీసుకుపోవడానికి ఉత్తర కొరియా ఒప్పుకోలేదు. అన్నీ అక్కడే వదిలేసి ఓడెక్కారు.